అమెరికాలో చవక ఎకరాలు: డబ్బు పంపే ముందు కౌంటీని అడగండి

సంపాదకులకు నమస్కారం.

‘అమెరికాలో ఐదెకరాలు ఐదు వేల డాలర్లకే’, ‘నెలకు 99 డాలర్లు కట్టండి, భూమి మీదే’ అనే ప్రకటనలు కొంతకాలంగా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ, యూట్యూబ్‌లోనూ, అప్పుడప్పుడు పత్రికల ప్రవాస పేజీల్లోనూ కనిపిస్తున్నాయి. టెక్సాస్‌లో భూముల దస్తావేజులు పరిశీలించే పనిలో ఉన్నాను. ఈ బేరాల్లో మనవాళ్లకు దెబ్బ ఎక్కడ తగులుతుందో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ కోరిక ఎందుకు పుడుతుందో అందరికీ తెలిసిందే. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారైలూ, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లూ ఇండియాలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాళ్లు ఊళ్లో కొనలేక, ఉన్నచోటే నాలుగెకరాలు చూసుకుందామనుకోవడం సహజం. కొనొద్దని నేను అనను. తెలిసి కొనుక్కుంటే అక్కడి భూమి బాగానే అక్కరకొస్తుంది.

చిక్కల్లా మనకు అలవాటైన భయంతోనే వస్తోంది. ఇండియాలో పొలం కొనేటప్పుడు మన బెంగంతా హక్కు గురించే. ఈసీ తీస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, ఒకే సర్వే నంబరు ఇద్దరికి అమ్మారేమోనని నలుగురినీ విచారిస్తాం. కాగితాలు శుభ్రంగా ఉంటే గండం గడిచినట్టే. అమెరికా చవక భూముల్లో కాగితాలు చాలాసార్లు శుభ్రంగానే ఉంటాయి. భూమి మీ పేరనే నమోదవుతుంది, పన్ను నోటీసూ మీ పేరనే వస్తుంది. తీరా చూస్తే లోపలికి వెళ్లే దారికి హక్కు లేదు, బోరు నీళ్లతో మొక్కకు తడి పెట్టడానికి అనుమతి లేదు, ఇల్లు కట్టుకుందామంటే సెప్టిక్ ట్యాంకుకు పర్మిట్ రాదు. ధర తక్కువగా ఉండటానికి కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లోనే ఉంటుంది.

కొలరాడో రాష్ట్రం దక్షిణాన కాస్టిల్లా కౌంటీని తీసుకోండి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ప్రకటనల్లో తరచూ కనిపించే ఐదెకరాల ప్లాట్లు చాలావరకు అక్కడివే. ఆ కౌంటీ ఉన్న శాన్ లూయిస్ లోయ సముద్రమట్టానికి ఏడున్నర వేల అడుగుల పైన ఉంటుంది. లోయ నేలలో ఏడాదికి పడే వాన చాలాచోట్ల ఏడెనిమిది అంగుళాలు, అంటే 200 మిల్లీమీటర్లు. అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. అంతకంటే ముఖ్యమైనది నీటి చట్టం. కొలరాడోలో నీరు భూమితో పాటు రాదు. ముందు వాడుకున్నవాడిది ముందు హక్కు. ఆ రాష్ట్రంలో నేటికీ నడుస్తున్న అతి పాత నీటి హక్కు 1852 నాటి శాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ అనే కాలువది. అది ఉన్నది ఈ కౌంటీలోనే. అంటే ఈరోజు ప్లాటు కొన్నవాడు 170 ఏళ్ల వరుసలో చివరన నిలబడతాడు.

బోరు లెక్క కూడా తెలుసుకోవాలి. ఆ రాష్ట్రంలో 35 ఎకరాలూ అంతకు పైబడిన కమతానికి సాధారణంగా ఇంటి అవసరాలకూ, పశువులకూ, ఎకరం దాకా తోటకూ పనికొచ్చే బోరు పర్మిట్ దొరుకుతుంది. 35 ఎకరాల లోపు ప్లాటుకు పర్మిట్ వచ్చినా, చాలా ప్రాంతాల్లో అది ‘ఇంటి లోపలి వాడకానికి’ మాత్రమే. వంట, స్నానం, బట్టలు, అంతే. పెరట్లో వంకాయ మొక్కకు పోసినా ఉల్లంఘన కిందికే వస్తుంది. వాననీరు పట్టుకుందామంటే, 2016లో వచ్చిన చట్టం ఇంటికి రెండు పీపాలు, రెండూ కలిపి 110 గ్యాలన్లు, అంటే సుమారు 416 లీటర్ల వరకే ఒప్పుకుంటుంది. ‘ఐదెకరాల్లో కూరగాయలు పండించుకోవచ్చు’ అని అమ్మేవాడు చెబితే, ఆ ప్లాటుకు ఏ రకం బోరు పర్మిట్ వస్తుందో రాష్ట్ర జలవనరుల విభాగాన్ని అడగండి. పార్శిల్ (భూమి ముక్క) వివరం చెబితే వాళ్లు ఉచితంగానే చెబుతారు.

ఆరిజోనా పరిస్థితి వేరు. అపాచీ, నవాహో, మొహావి కౌంటీల్లో బోరుకు చట్టపరమైన అడ్డంకి తక్కువ. అయితే నీరు ఎంత లోతున పడుతుందన్నది వేరే సంగతి. తవ్వకం, కేసింగ్, పంపు కలిపితే అడుగుకు 30 నుంచి 60 డాలర్ల దాకా అవుతుంది. 600 అడుగులు వెళ్లాల్సి వస్తే భూమి ధరకు కొన్ని రెట్లు బోరుకే పోతుంది. చుట్టుపక్కల బోర్ల లాగ్‌లు (తవ్వినప్పుడు రాసిన వివరాలు) రాష్ట్ర జలశాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మైలు దూరంలో ఉన్న పది బోర్ల లోతు, గ్యాలన్ల లెక్క చూసుకుంటే ఊహించుకోవాల్సిన పని ఉండదు. బోరు వద్దు, ట్యాంకరుతో తెచ్చుకుంటాం అనేవాళ్లు ఒక్క లెక్క వేసుకోవాలి. వెయ్యి గ్యాలన్ల నీరు దాదాపు 3,800 కిలోలు. ఆ బరువుతో మట్టిదారిలో బండి నడవాలి, జులై నుంచి సెప్టెంబరు దాకా వానలకు వాగులు పొంగే రోజుల్లో కూడా.

ఆరిజోనాలో కొనుగోలుదారుకు పనికొచ్చే చట్టం ఒకటుంది. పట్టణ పరిధిలో లేని భూమిని, సబ్‌డివిజన్ (లేఅవుట్) కానిదాన్ని, ఐదు లేదా అంతకు తక్కువ ముక్కలుగా అమ్మేవారు ‘అఫిడవిట్ ఆఫ్ డిస్‌క్లోజర్’ ఇవ్వాలి. దారి ఉందా, ఆ దారి ఎవరు బాగుచేస్తారు, నీరు ఎక్కడిది, సెప్టిక్‌కు నేల పనికొస్తుందా, వరద ప్రాంతమా అన్నవన్నీ అందులో రాసి సంతకం పెట్టాలి. అది చేతికందిన ఐదు రోజుల్లోపు కొనుగోలుదారు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ కాగితం అడగకుండా డబ్బు కట్టేవాళ్లు చాలామంది. అడిగితే ఇవ్వని వాడితో బేరం అక్కడే ఆపేయండి.

దారి విషయం కాస్త వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో డొంక దారి, పుంత, పక్క రైతు గట్టు మీద నడక లాంటివి మాట మీద, అలవాటు మీద నడిచిపోతాయి. అక్కడ జీపు వెళ్లే బాట కంటికి కనిపించినా, ఆ బాట మీద మీకు హక్కు ఉన్నట్టు కాదు. పక్క రాంచ్ (పశువుల క్షేత్రం) యజమాని గేటు వేసి తాళం పెడితే కోర్టుకెళ్లాలి. పశ్చిమ రాష్ట్రాల్లో 19వ శతాబ్దంలో రైల్వే కంపెనీలకు ఒక సెక్షన్ విడిచి ఒక సెక్షన్ ఇచ్చారు. సెక్షన్ అంటే 640 ఎకరాలు. అందుకే మ్యాపులో చాలాచోట్ల ప్రైవేటు భూమీ ప్రభుత్వ భూమీ చదరంగం గళ్లలా ఉంటాయి. మూలలు మాత్రమే తగిలే గడి మీది అయితే, చుట్టూ ఉన్న భూమి దాటకుండా లోపల అడుగు పెట్టలేరు. కాబట్టి రికార్డయిన ప్లాట్ మ్యాపులోనో దస్తావేజులోనో ఈజ్‌మెంట్ (వేరేవాళ్ల భూమి మీదుగా వెళ్లే దారి హక్కు) ఎక్కడ రాసి ఉందో, పుస్తకం నంబరు, పేజీ నంబరుతో సహా అడగాలి. ‘అందరూ అటే వెళ్తారండీ’ అన్న మాట చెల్లదు.

ఇక టెక్సాస్. డాలస్ చుట్టూ కాలిన్, గ్రేసన్, హంట్, కాఫ్‌మన్, ఎల్లిస్ కౌంటీల్లో ఎకరాల మీద కొనే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడి భూమి ఎడారి ప్లాట్ల లాగా చవక కాదు. కాకపోతే నగరంలోని ఇంటి స్థలంతో పోలిస్తే చవక. ఈ కౌంటీల్లో చాలా మేర నేల బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ, అంటే మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే అరచేయి పట్టేంత నెర్రెలిస్తుంది. పత్తికి మంచిదే. సెప్టిక్‌కు మాత్రం శత్రువు. నీరు ఇంకదు కాబట్టి ట్యాంకు, గొట్టాలతో సరిపోయే మామూలు పద్ధతికి చాలాచోట్ల అనుమతి రాదు. గాలి పంపు, క్లోరిన్, స్ప్రింక్లర్ ఉన్న ఏరోబిక్ సిస్టమ్ పెట్టాలి. దానికి సుమారు 12 వేల నుంచి 20 వేల డాలర్లు పట్టవచ్చు, పైగా ఏటా మెయింటెనెన్స్ ఉంటుంది. పునాదికీ ఇదే గొడవ. నేల పరీక్ష చేయించకుండా ఇంటి ఖర్చు అంచనా వేయకండి. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) వారి వెబ్ సాయిల్ సర్వేలో ప్లాటు గీసి చూస్తే నేల రకం, సెప్టిక్‌కు ఎంతవరకు పనికొస్తుందన్నది ఉచితంగా కనిపిస్తుంది. మ్యాపు మొదటి వడపోతకే; చివరికి గుంట తవ్వి చూసే లైసెన్సుదారు నివేదికే లెక్క.

ఈ ప్రాంతంలో బోరు కంటే గ్రామీణ వాటర్ సప్లై సంస్థ మీటరు మీదే ఎక్కువమంది ఆధారపడతారు. రోడ్డు పక్కన పైపు కనిపించింది కదా అని నమ్మకండి. పైపు సన్నగా ఉంటే కొత్త కనెక్షన్ ఇవ్వరు, లేదా పైపు పెద్దది చేసే ఖర్చు మీ మీద వేస్తారు. మీటరు ఇవ్వగలరో లేదో, ఎంత కట్టాలో ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. ఒప్పందంలో పరిశీలనకు పెట్టుకునే ఆప్షన్ గడువు ముగియకముందే ఆ సంస్థ రాసిచ్చిన కాగితం చేతికి రావాలి.

టెక్సాస్‌లో ఖనిజ హక్కు భూమి పైహక్కు నుంచి విడిపోయి ఉండటం మామూలే. మూడు తరాల కిందట ఎవరో ఖనిజాలు అట్టిపెట్టుకుని పైభూమి అమ్మేసి ఉంటారు. అక్కడి చట్టంలో ఖనిజ హక్కుదే పైచేయి. చమురు తీయడానికి అవసరమైనంత మేర మీ నేలను వాడుకోవచ్చు. దస్తావేజులో ‘సర్ఫేస్ వేవర్’ (పైనేలను వాడుకునే హక్కు వదులుకున్నట్టు రాసిన మాట) ఉందో లేదో చూడమని, భూమి హక్కు పరిశీలించి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీని అడగండి.

పన్ను దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తున్నారు. టెక్సాస్‌లో సాగు భూమికి మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వేస్తారు. దాన్ని ‘1-డి-1’ అంటారు. గత ఏడేళ్లలో ఐదేళ్లు సాగులో ఉండాలి. వెయ్యి డాలర్లు కట్టాల్సిన చోట పదుల్లో కడతారు. అమ్మేవాడికి ఈ రాయితీ ఉంది కాబట్టి మనకూ వస్తుందనుకుంటారు. యజమాని మారితే కొత్త దరఖాస్తు పెట్టాలి, మే 1 లోపే పెట్టాలి. మరచిపోతే మార్కెట్ విలువ మీద బిల్లు వస్తుంది. సాగు మానేసి ఇల్లో వెంచరో వేస్తే వెనక్కి మూడేళ్ల తేడా పన్ను వసూలు చేస్తారు. వడ్డీని మాత్రం ఇప్పుడు తీసేశారు. ఐదు నుంచి 20 ఎకరాల వాళ్లకు తేనెటీగల పెంపకం కూడా సాగు కిందికే వస్తుంది. లేదంటే గడ్డి కోసుకునే పక్క రైతుకు కౌలుకివ్వొచ్చు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ కౌలు పద్ధతే క్షేమం. భూమి సొంతంగా ఉంచుకోవచ్చు, కౌలు తీసుకోవచ్చు. స్వయంగా పండించి అమ్ముకోవడం వీసా అనుమతించని ఉద్యోగమవుతుంది.

పౌరసత్వం, గ్రీన్‌కార్డు రెండూ లేనివాళ్లు 10 ఎకరాలకు మించి సాగు భూమి కొంటే 1978 నాటి విదేశీ పెట్టుబడుల వెల్లడి చట్టం వర్తిస్తుంది. దాన్నే ఆఫిడా అంటారు. కొన్న 90 రోజుల్లోపు ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే ఫారం వ్యవసాయ శాఖ వారి కౌంటీ కార్యాలయంలో ఇవ్వాలి. గత ఐదేళ్లలో సాగు, మేత, అడవి కింద ఉన్న నేలంతా ఇందులోకి వస్తుంది. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వెళ్లవచ్చు. దీని గురించి ఏజెంట్లు చెప్పరు, చాలామందికి తెలియనే తెలియదు. ఇండియాలో ఉండే తల్లిదండ్రుల పేరిట కొనే ఆలోచన ఉంటే ఇంకో చిక్కు: ఈ ఫారం ఇవ్వాల్సిన నాన్‌రెసిడెంట్ విదేశీయుడి భూమికి టెక్సాస్ 1-డి-1 రాయితీ రాదు. హెచ్1బీ వాళ్లు తమ విషయంలో ఇది ఎలా వర్తిస్తుందో పన్ను కోసం భూమి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌ను ముందుగానే రాతలో అడగడం మంచిది. రాష్ట్రాల చట్టాలూ ఒకలా లేవు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు సాగు భూమి కొనడంపై అయోవా, మిన్నెసోటాల్లో గట్టి ఆంక్షలున్నాయి. ఓక్లహోమాలో రిజిస్టరయ్యే ప్రతి దస్తావేజుకూ పౌరసత్వ, నివాస వివరాల అఫిడవిట్ జతచేయాలి.

దస్తావేజు రకాలు ముఖ్యం. జనరల్ వారంటీ డీడ్ అయితే హక్కులో లోపం బయటపడితే అమ్మినవాడు బాధ్యుడు. క్విట్‌క్లెయిమ్ డీడ్ అంటే ‘నాకేమైనా హక్కు ఉంటే అది నీకు వదిలేశాను’ అని మాత్రమే. ఏమీ లేకపోయినా ఆయన్ను నిలదీయలేరు. చవక ప్లాట్లు అమ్మే వెబ్‌సైట్లు చాలావరకు పన్ను ఎగవేత వేలంలో కొన్న భూముల్నే మళ్లీ అమ్ముతుంటాయి. టెక్సాస్ వేలంలో పాత యజమాని భూమిని విడిపించుకోవడానికి సాగు భూమి, సొంతిల్లు అయితే రెండేళ్లు, మిగతావాటికి 180 రోజులు గడువుంటుంది. అది దాటినా, కోర్టులో హక్కు నిర్ధారణ తీర్పు లేకుండా టైటిల్ ఇన్సూరెన్స్ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. మీరు తిరిగి అమ్ముకునేటప్పుడు ఆ బరువు మీ నెత్తిన పడుతుంది. మూడు వేల డాలర్ల ప్లాటుకు టైటిల్ కంపెనీ ఖర్చే వెయ్యి దాకా అవుతుంది కాబట్టి ‘మనలో మనం రాసుకుందాం’ అంటారు. ఆ వెయ్యి మిగుల్చుకోవద్దు. ఇన్సూరెన్స్ తీసుకోకపోయినా కనీసం టైటిల్ సెర్చ్ చేయించి, డబ్బు ఎస్క్రోలోనే (బేరం ముగిసేదాకా మూడో వ్యక్తి దగ్గర ఉండే ఖాతాలోనే) కట్టండి.

‘నెలకు 99 డాలర్లు’ పద్ధతిలో ఎక్కువగా వాడేది కాంట్రాక్ట్ ఫర్ డీడ్. చివరి వాయిదా దాకా భూమి అమ్మినవాడి పేరనే ఉంటుంది. ఈలోగా ఆయన అప్పు తెచ్చి తాకట్టు పెట్టినా, చనిపోయినా, పన్ను కట్టకపోయినా నష్టం మీదే. రెండు వాయిదాలు తప్పితే కట్టిందంతా పోగొట్టే షరతులూ ఉంటాయి. వాయిదాల మీదే కొనాలనుకుంటే డీడ్ ముందే మీ పేర రాయించి, బాకీకి డీడ్ ఆఫ్ ట్రస్ట్ (తాకట్టు పత్రం లాంటిది) రాసివ్వండి.

ఇండియా నుంచి డబ్బు పంపేవాళ్లకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. కొన్న తర్వాత ఏటా ఇండియాలో వేసే ఆదాయపు పన్ను రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. విలువ ఎంత చిన్నదైనా స్థిరాస్తి అయితే చూపాల్సిందే. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. భూమి కొన్నది ఐదు వేల డాలర్లకైనా అంతే.

అమ్మే రోజున అమెరికాలో నాన్‌రెసిడెంట్‌గా లెక్కకొచ్చేవారికి అమ్మకం ధరలో 15 శాతం ఫిర్ప్టా (విదేశీయుల స్థిరాస్తి అమ్మకాలపై పన్ను చట్టం) కింద పట్టుకుంటారు. లాభం మీద కాదు, ధర మీద. ఐటిన్ (పన్ను గుర్తింపు సంఖ్య) తీసుకుని రిటర్ను వేస్తే ఎక్కువైనది తిరిగొస్తుంది. తల్లిదండ్రుల పేరిట భూమి పెట్టేవాళ్లు ఆలోచించాల్సింది ఇంకోటి ఉంది. అమెరికా పౌరులకు కోటి డాలర్లకు పైగా ఉండే ఎస్టేట్ పన్ను (చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్ను) మినహాయింపు, అక్కడ స్థిరనివాసం లేని విదేశీయులకు 60 వేల డాలర్లే. ఇండియాతో ఈ విషయంలో ఒప్పందం లేదు. ఆ పైన పన్ను 40 శాతం దాకా వెళ్తుంది. అదీగాక వారసులు ఆ రాష్ట్రంలో ప్రొబేట్ (వారసత్వం తేల్చే) కోర్టుకు వెళ్లాలి. టెక్సాస్, ఆరిజోనా, కొలరాడోల్లో యజమాని మరణానంతరం ఫలానావారికి చెందాలని ముందే రికార్డు చేసే దస్తావేజు ఉంది. అది రాయించడానికి పెద్ద ఖర్చు కాదు.

భూమి చూడకుండా కొనేవాళ్లు కనీసం ఒక్క ఉదయం ఫోనుకు కేటాయించాలి. కౌంటీ ప్లానింగ్ విభాగానికి పార్శిల్ నంబరు చెప్పి అడగండి. ఇక్కడ ఇల్లు కట్టొచ్చా, కనీసం ఎన్ని చదరపు అడుగులు ఉండాలి? ఆర్‌వీలో (ఇల్లులా వాడుకునే బండిలో) ఎన్ని రోజులు ఉండనిస్తారు? వరద జోన్‌లో ఉందా? దారిని కౌంటీ చూసుకుంటుందా? తర్వాత ట్రెజరర్‌కో ట్యాక్స్ కలెక్టర్‌కో ఫోను చేసి పాత బాకీలు అడగండి. ప్రాపర్టీ ఓనర్స్ అసోసియేషన్ ఉంటే ఏటా ఎంత కట్టాలో, వెనకటి బకాయిలు ఉన్నాయో లేదో తెలుసుకోండి. అదే సబ్‌డివిజన్‌లో అమ్మకానికి ఉన్న ప్లాట్లు ఎన్నాళ్లుగా అలాగే పడి ఉన్నాయో చూడండి. వందలకొద్దీ ఉంటే మీది కొనేవాడు దొరకడు, పన్ను మాత్రం ఏటా వస్తూనే ఉంటుంది.

సంపాదకులకు ఒక విన్నపం. విదేశీ భూముల ప్రకటన తీసుకునేటప్పుడు కౌంటీ పేరు, పార్శిల్ నంబరు, డీడ్ రకం, దారి హక్కు నమోదైన పుస్తకం-పేజీ నంబరు ముద్రించాలని షరతు పెట్టండి. ఆ నాలుగూ ఉంటే పాఠకుడు తన ఊళ్లో కూర్చునే ఫోనులో కౌంటీ మ్యాపు తెరిచి అసలు భూమిని చూసుకోగలడు. అవి ఇవ్వనన్న ప్రకటనదారు డబ్బు మీ పత్రికకు వద్దు.

భూమి దస్తావేజుల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
డాలస్, టెక్సాస్